తిప్పడం వేరు, తిరగేయడం వేరు: నవోదయ బొమ్మల ప్రశ్నలు గుంటలకి నేర్పడం ఎలా

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునున్న మా పర్లాకిమిడిలో చలి మొదలైందంటే అయిదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే గోల, నవోదయ, అంటే ఆ సర్కారు బళ్ళో ఆరో తరగతి సీటు కోసం రాసే పరీక్ష. మూడేళ్ళ కిందట పక్కింటి అక్క ఒక సాయంత్రం లావుపాటి గైడు పట్టుకొచ్చి "తమ్ముడూ, ఈ బొమ్మలేటో నాకు బుర్రకెక్కట్లేదు, నువ్వైనా చూడు" అని గుంటడిని మా అరుగు మీద కూచోబెట్టి వెళ్ళిపోయింది. నాది రీఛార్జి కొట్టు, నేనేమీ మేష్టారిని కాదు, కానీ రైల్వే పరీక్షలని నాలుగైదేళ్ళు తిరిగినోడిని కాబట్టి రీజనింగ్ కాస్త వంటబట్టింది. ఆ ఒక్కడితో మొదలై ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు, అందులో ఇద్దరు ఆంధ్రా వైపున్న పాతపట్నం నించి సైకిల్ మీద, వాళ్ళ పరీక్ష వాళ్ళ జిల్లాలోనే అయినా బొమ్మలు అందరికీ ఒకటే కదా. వాళ్ళకి చెప్తూ చెప్తూ నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నా, ఇంట్లో కూచోబెట్టి నేర్పాలనుకునే అమ్మానాన్నల కోసం.

ముందు పేపరు సంగతి. ఆరో తరగతి నవోదయ పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. లెక్కలు 20, భాష 20, మిగతా 40 ప్రశ్నలూ ఈ బొమ్మలే, అంటే 50 మార్కులు, సగం పేపరు! పది రకాలు, రకానికి నాలుగు చొప్పున. తేడా బొమ్మ, అచ్చు అలాంటి బొమ్మ, ఖాళీ ముక్క నింపడం, వరస, పోలిక, ఆకారం పూర్తి చేయడం, అద్దం, మడతపెట్టి బెజ్జం, ముక్కలు కలపడం, దాగున్న బొమ్మ. నెగెటివ్ మార్కులు లేవు.

మనలాంటి చోట ఈ సగం పేపరే ఆధారం అని నా నమ్మకం. ఇక్కడ పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ట్యూషన్లో ఇంకోటి, పేరా చదివి జవాబు రాయమంటే సగం మంది అక్కడే బెదిరిపోతారు. బొమ్మకి భాష లేదు. మా గుంటల్లో ఒడియా చదవడం సరిగ్గా రానోడు కూడా బొమ్మల్లో 40కి 36 తెచ్చుకోగలడు, దారి తెలిస్తే.

ఆ దారిలో మొదటి మాట తిప్పడం వేరు, తిరగేయడం వేరు. వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించండి. పెనం మీద అట్టుని అట్లకాడతో గుండ్రంగా జరిపితే అది తిప్పడం, పై వైపు పైనే ఉంటది. అట్లకాడ కిందకి దోపి బోర్లా పడేస్తే అది తిరగేయడం. కాగితం మీద బొమ్మ విషయంలో కూడా జరిగేవి ఈ రెండే, కానీ గైడులో రెంటినీ కలిపి "రొటేషన్" అనో "ఆకృతి మారింది" అనో రాసేస్తారు, గుంటలు అక్కడే దెబ్బతింటారు.

చెప్పుతో ఇంకా బాగా అర్థమవుద్ది. గుమ్మం దగ్గర కుడి చెప్పు ఒకటి తీసి నేల మీద పెట్టండి. ముందుకి, వెనక్కి, పక్కకి, వాలుగా ఎటు తిప్పినా అది కుడి చెప్పే. దాన్ని అద్దంలో చూపిస్తే ఎడమ చెప్పు కనిపిస్తది, ఆ ఎడమ చెప్పుని మళ్ళీ నేల మీద ఎంత తిప్పినా కుడి చెప్పు కాదు. తేడా బొమ్మ ప్రశ్నల్లో చాలా వాటి గుట్టు ఇదే, నాలుగు బొమ్మల్లో మూడు ఒకే చెప్పు వేరే వేరే వైపులకి తిప్పినవి, నాలుగోది అవతలి కాలిది.

మరి పరీక్షలో అది కుడి చెప్పో ఎడమ చెప్పో ఎలా తెలుస్తది? దీనికి నేను మూడు గుర్తుల పరీక్ష అని పెట్టాను. బొమ్మలో మూడు వేరే వేరే గుర్తులు ఎంచుకోవాలి, ఒకే గీత మీద ఉండకూడదు. ఉదాహరణకి నల్ల చుక్క, చిన్న గీత, బాణం మొన. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, వేలు పెట్టి తిరగాలి. చుక్క, గీత, బాణం అని వచ్చిందనుకోండి. ఇప్పుడు ఆప్షన్లో కూడా చుక్క దగ్గర మొదలెట్టి అదే వైపు తిరిగితే చుక్క, గీత, బాణం అనే వస్తే అది ఉత్తినే తిప్పిన బొమ్మ. చుక్క, బాణం, గీత అని వచ్చిందంటే తిరగేసిన బొమ్మ. అంతే, మనసులో బొమ్మనంతా తిప్పక్కర్లేదు, తల వంచక్కర్లేదు. ఈ ఒక్కటి వచ్చాక మా వాళ్ళ స్పీడు సగానికి సగం పెరిగింది.

ఒక మెలిక ఉంది. బొమ్మ అసలే రెండు వైపులా సమానంగా ఉంటే ఈ పరీక్ష పనిచేయదు, అవసరం కూడా లేదు. బరంపురం పట్టుచీర ఇంట్లో ఉంటే తీసి అంచు చూపించండి, కుంభాల (గుడి గోపురంలా మొనదేలిన బొమ్మల) మొనలు రెండంచుల్లోనూ లోపలికే చూస్తాయి. ఒక అంచు కుంభాన్ని సగం చుట్టు తిప్పితే అవతలి అంచు కుంభమైందా, లేక తలకిందులుగా తిరగేస్తే అయిందా అంటే రెండూ ఒకటే, ఎందుకంటే కుంభానికి ఎడమ పక్కా కుడి పక్కా ఒకేలా ఉంటది. ఇలాంటి బొమ్మ వస్తే కుడి చెప్పా ఎడమ చెప్పా అని వెతుక్కుంటూ కూచోకండి, ఎటు చూస్తందో ఒక్కటే చూడండి చాలు.

ఎటు చూస్తందో చెప్పడానికి కుడి, ఎడమ అనే మాటలు వాడొద్దని నా సలహా. మా దగ్గర బళ్ళో టీచరు డాహాణ, బాఁ అంటారు, ఇంట్లో కుడి ఎడమ, ట్యూషన్లో రైటు లెఫ్టు, పదేళ్ళ గుంట పాపం మూడు భాషల్లో మార్చుకునేసరికి అర నిమిషం పోయింది. గడియారం వాడండి. బాణం 12 వైపు చూస్తంది, 3 వైపు చూస్తంది, అలాగ. 90 డిగ్రీలంటే మూడు గంటలు, 45 అంటే గంటన్నర, 135 అంటే నాలుగున్నర గంటలు, 180 అంటే ఆరు గంటలు. కోణం అంటే ఏటో తెలియని పిల్లలకి కూడా గంటలు కూడడం వచ్చు కదా.

దీంతో వరస ప్రశ్న ఒకటి చేసి చూద్దాం. చతురస్రం, దాని మూలలో ఒక చుక్క, మధ్యలో ఒక బాణం. మొదటి బొమ్మలో చుక్క పైన ఎడమ మూల, బాణం 12. రెండో దాంట్లో చుక్క పైన కుడి మూల, బాణం పదిన్నర. మూడో దాంట్లో చుక్క కింద కుడి, బాణం 9. నాలుగో దాంట్లో చుక్క కింద ఎడమ, బాణం ఏడున్నర. అయిదోది ఏటి? రెంటినీ ఒకేసారి చూస్తే బుర్ర తిరుగుద్ది, ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. ముందు చుక్క, ప్రదక్షిణగా ఒక్కో మూలా జరుగుతంది, నాలుగు మూలలూ అయిపోయాయి కాబట్టి మళ్ళీ పైన ఎడమకే వస్తది. చుక్క అక్కడ లేని ఆప్షన్లన్నీ పెన్సిల్తో కొట్టేయండి. అప్పుడు బాణం, అది ఎదురు చుట్టు, గంటన్నర చొప్పున వెనక్కి పోతంది, ఏడున్నర నించి వెనక్కి గంటన్నర అంటే 6, అంటే బాణం కిందకి చూస్తది. దాదాపు ప్రతి గుంటా మొదటిసారి తప్పు చేసేది ఇక్కడే, చుక్క మొదటి చోటికి వచ్చేసింది కదా అని "అయితే మొదటి బొమ్మే మళ్ళీ" అని బాణం 12లో ఉన్న ఆప్షన్ పెట్టేస్తారు. పేపరు చేసినోళ్ళకి తెలుసు మనం అలా పెడతామని, అందుకే ఆ ఆప్షన్ పెడతారు.

కొన్నిట్లో అడుగు పెరుగుతూ పోతది. బాణం 12 నించి ఒకటిన్నరకి, అక్కణ్ణించి నాలుగున్నరకి, అక్కణ్ణించి 9కి వెళ్ళిందంటే గంటన్నర, మూడు, నాలుగున్నర అని పెరుగుతంది, తర్వాత ఆరు గంటలు, అంటే 3 దగ్గరకి. రెండు అడుగులు సమానంగా రాకపోతే ఇది అనుమానించాలి, అంతకన్నా కష్టం ఈ స్థాయిలో ఇవ్వరు.

నేర్పేవాళ్ళకి ఒక మాట. పిల్లలు ఎక్కువ తిరిగిన బొమ్మ దగ్గర ఎక్కువసేపు నానుతారు, దానికి తిట్టకండి. 1971లో అమెరికాలో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్ అనే ఇద్దరు సైకాలజీ వాళ్ళు దీని మీద ప్రయోగం చేశారు, ఘనాలు అతికించినట్టుండే బొమ్మలు జంటగా చూపించి రెండూ ఒకటేనా కాదా అని అడిగారు. రెంటి మధ్య కోణం ఎంత పెరిగితే జవాబుకి అంత టైము పెరిగింది, సరళరేఖ గీసినట్టు, లెక్కేస్తే మనసు సెకనుకి దాదాపు 60 డిగ్రీల చొప్పున తిప్పుతందని తేలింది. అంటే పెద్దోళ్ళ బుర్ర కూడా నిజంగా బొమ్మని కొంచెం కొంచెంగా తిప్పుకుంటా వెళ్తది. ఆ ప్రయోగంలో "కాదు" అనాల్సిన జంటలు ఏటనుకున్నారు, అద్దం బొమ్మలే, మన ఎడమ చెప్పు వ్యవహారమే! మూడు గుర్తుల పరీక్ష ఎందుకు పనిచేస్తదంటే ఆ తిప్పే పని మొత్తం ఎగ్గొట్టి వేలితో వరస చూసుకోవడమే కాబట్టి.

ఇక అద్దం. మొదట్లో నేను పెద్ద తప్పు చేశాను, గుంటలని బీరువా అద్దం ముందు నిలబెట్టి "చూడండి కుడి ఎడమ అయిపోయింది" అని చెప్పాను, వాళ్ళకి ఇంకా గందరగోళం అయిపోయింది, "మరి తల కిందకి ఎందుకు వెళ్ళలేదు" అని ఒకత్తి అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు చిన్న చేతి అద్దం కాగితం మీద నిలబెట్టి చూపిస్తున్నా. అద్దానికి దగ్గరగా ఉన్న గీత లోపల కూడా దగ్గరగానే ఉంటది, దూరంగా ఉన్నది దూరంగానే. కుడీ లేదు ఎడమా లేదు, అద్దం నించి ఎంత దూరం అన్నదొక్కటే. అద్దం పక్కన నిలువుగా పెట్టారు కాబట్టి పై గీత పైనే, కింది గీత కిందే. దీంతో ఆప్షన్లు కొట్టేయడం తేలిక, బొమ్మలో అద్దానికి అన్నిటికన్నా దగ్గరున్న గుర్తు ఏదో చూసుకుని, ఏ ఆప్షన్లో అది అద్దం వైపు లేదో దాన్ని తీసేయాలి. బరంపురం పెద్దాసుపత్రికి పోయే అంబులెన్స్ ముందు అక్షరాలు తిరగేసి రాసి ఉంటాయి చూడండి, ముందు బండి డ్రైవరు తన అద్దంలో చూస్తే సరిగ్గా కనబడాలని. రోడ్డు మీద కనిపించినప్పుడల్లా చూపించండి, పుస్తకంలో పది లెక్కలకి సమానం.

అక్షరాల్లో కొన్ని అద్దంలో మారవు, మన సున్నా, ఒడియా ఠ, ఇంగ్లీషులో ఏ, హెచ్, ఐ, ఎం, ఓ, టీ, యూ, వీ, డబ్ల్యూ, ఎక్స్, వై. నీళ్ళలో నీడ అయితే పైది కిందకొస్తది, అప్పుడు మారనివి బీ, సీ, డీ, ఈ, హెచ్, ఐ, కే, ఓ, ఎక్స్. ఒకే బొమ్మకి పక్క అద్దం, ఆ వచ్చినదానికి మళ్ళీ నీటి నీడ తీస్తే సగం చుట్టు తిప్పినట్టే అయిపోద్ది, నమ్మకపోతే ఉల్లిపొర కాగితం మీద గీసి రెండుసార్లు తిరగేసి చూడండి. తొందరలో పిల్లలు అద్దం బొమ్మ అడిగితే ఈ సగం చుట్టు బొమ్మ పెట్టేస్తుంటారు.

గడియారం అద్దంలో చూస్తే టైమెంత అనేది నవోదయ కన్నా రైల్వే లాంటి పెద్ద పరీక్షల్లో ఎక్కువ. 11:60 లోంచి తీసేయడమే, 4:20 అద్దంలో 7:40. ఇది కచ్చితం. కానీ నీటి నీడకి గైడుల్లో 18:30 లోంచి తీయమంటారు చూడండి, పరీక్షలో మార్కు కోసం చేయండి గానీ నిజం గడియారాన్ని అలా తిరగేస్తే గంటల ముల్లు ఎప్పుడూ అరగంట పక్కన పడి ఉంటది, అది ఏ టైమూ కాదు. 4 గంటలప్పుడు చూస్తే నిమిషాల ముల్లు కిందకి వచ్చి ముప్ఫై చూపిస్తది, గంటల ముల్లు మాత్రం సరిగ్గా 2 మీద ఉంటది, రెండున్నరకి అది 2కీ 3కీ మధ్యలో ఉండాలి కదా. నేను దీని గురించి ఒక రాత్రంతా కొట్టుకున్నా, సూత్రం రాసినోడు గడియారం తిరగేసి చూసి ఉండడు.

గైడుల మాట వచ్చింది కాబట్టి, ఒకటి కొన్నాం, పేరెందుకులెండి, వెనక ఆన్సర్లలో అద్దం ప్రశ్నలకి వరసగా మూడు తప్పులు. గుంటడు సరిగ్గానే పెట్టి, వెనక చూసి తప్పనుకుని, వచ్చినదాన్ని మర్చిపోయాడు. అందుకని ఆన్సర్ పేజీని గుడ్డిగా నమ్మకండి, చేతి అద్దం పెట్టి చూడండి.

మడతపెట్టి బెజ్జం కొట్టడం. ఇది చూసి నేర్చుకునేది కాదు, చేసి నేర్చుకునేది, మొదటి వారం పాత నోట్సు కాగితాలు చింపుకోనివ్వండి. సూత్రం ఒక్కటే, ఆఖరి మడత ముందు విప్పాలి, విప్పిన ప్రతి మడత గీతా ఒక అద్దం. చదరపు కాగితం తీసుకోండి, కుడి సగం ఎడమ మీదకి, కింది సగం పై మీదకి మడవండి. మిగిలిన చిన్న చదరంలో పైన ఎడమ మూల దగ్గర బెజ్జం పెడితే, విప్పాక నాలుగు బెజ్జాలు కాగితం నాలుగు మూలల్లో ఉంటాయి. అదే చిన్న చదరంలో కింద కుడి మూల దగ్గర పెడితే నాలుగూ నడిబొడ్డున దగ్గర దగ్గరగా వస్తాయి, ఎందుకంటే ఆ మూల మడతల మూల. రెండు మడతలకి 4, మూడు మడతలకి 8 అని లెక్కపెట్టి ఆప్షన్లు తీసేయొచ్చు, కానీ మడత ఆ చోటుని కప్పకపోతే అక్కడ రెట్టింపు అవదు, బెజ్జం మడత గీత మీదే పడితే రెండు సగాలు కలిసి ఒకటే అవుద్ది, ఈ రెండూ చూసుకోవాలి.

ఖాళీ ముక్క నింపడానికి మా వీధిలో ముగ్గులున్నాయి. నెలగంట పెట్టిన దగ్గర్నించి సంక్రాంతి దాకా పొద్దున్నే ముగ్గు పడుద్ది, 2025లో పరీక్ష కూడా జనవరి 18న పడింది కాబట్టి సరిగ్గా కలిసొచ్చింది. ముగ్గులో ఒక మూల చాట బోర్లించి, కింద ఏముందో పుస్తకంలో గీయమనండి. పరీక్షలో అయితే మొత్తం బొమ్మ ఊహించక్కర్లేదు, ఖాళీ అంచుని ఏయే గీతలు ఎక్కడ తాకుతున్నాయో చూసుకుని, ఆప్షన్ అంచులో కూడా అక్కడక్కడే గీతలు మొదలవ్వాలి, సగం ఆప్షన్లు అక్కడే పోతాయి.

ఆకారం పూర్తి చేయడంలోనూ ముక్కలు కలపడంలోనూ ముక్కని తిప్పుకోవచ్చు. దాగున్న బొమ్మలో మాత్రం తిప్పకూడదు, ఇచ్చిన బొమ్మ అదే సైజులో అదే వైపు దాగుంటది మామూలుగా. ఈ తేడా ఎవరూ చెప్పరు. దాగున్న బొమ్మ వెతికేటప్పుడు చతురస్రాల కోసం వెతికితే పిచ్చెక్కుద్ది, అన్నిట్లోనూ ఉంటాయి. ఇచ్చిన బొమ్మలో వింతగా ఉన్న మూల ఒకటి, మొనదేలిన కోణమో వాలు గీత నిలువు గీతని కలిసే చోటో పట్టుకుని దాన్నే వెతకాలి. గుణుపురం వైపు సవరల ఇళ్ళలో గోడ మీద వేసే ఇడితాల్ బొమ్మలు చూసినవాళ్ళకి తెలుస్తది, చట్రం నిండా మనుషులు, జంతువులు, చెట్లు, ఒక్కటి వెతకాలంటే గుంపునంతా చూడకూడదు, ఆ ఒక్కదాని కొమ్మో తోకో పట్టుకోవాలి.

పాచిక ప్రశ్నలు నవోదయ పిల్లలకి వదిలేయండి, ఇంట్లో రైల్వేకో పోలీసుకో చదివే అన్నలుంటే వాళ్ళకి. రెండు బొమ్మల్లో ఒకే ఒక్క ముఖం కలిసిందనుకోండి, కలిసిన దాంతో మొదలెట్టి రెంటిలోనూ ప్రదక్షిణగా రాయండి. మొదటి దాంట్లో 1, 2, 3, రెండో దాంట్లో 1, 5, 4 అని వస్తే 2 వెనక 5, 3 వెనక 4, మిగిలిన 6 ఎలాగూ 1 వెనకది. లూడో పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే 7 వస్తది, పరీక్ష పాచిక అలా ఉండాలని రూలు లేదు, అలవాటులో పెట్టేయకండి. విప్పిన డబ్బా బొమ్మలయితే ఘనానికి మొత్తం 11 రకాలు వస్తాయి, అట్ట మీద గీసి కత్తిరించి మడిస్తే ఒక ఆదివారంలో అయిపోద్ది, వరసలో ఒకటి విడిచి ఒకటి ఎదురెదురు ముఖాలు అని గుర్తుంటే చాలు.

ప్రాక్టీసు రోజుకి అరగంట, రోజుకి ఒక్క రకమే. మొదటి పది రోజులు కాగితం తిప్పనివ్వండి, అద్దం పెట్టనివ్వండి, చింపనివ్వండి. తర్వాత కాగితం బల్ల మీద కదలకూడదు, వేలు మాత్రమే. ఆఖరి మూడు వారాలు 40 ప్రశ్నలు గంటలో, అంటే ఒక్కోదానికి నిమిషంన్నర. మా వాళ్ళకి నేను చెప్పేది, మొదటి చుట్టులో చూడగానే తెలిసినవి పెట్టేయండి, మడతలవీ ముక్కలవీ రెండో చుట్టుకి ఉంచండి. అయిదు నిమిషాలు ఉందనగా మిగిలిన వాటికి ఒక్కో ఆప్షన్ అయినా కొట్టేసి మిగతా వాటిలో ఏదో ఒకటి నింపేయాలి, కాయితం ఖాళీగా ఇవ్వొద్దు. ఆన్సర్ షీటులో గుండ్రాలు నింపడం కూడా ముందే ఒక నాలుగుసార్లు చేయించండి, పోయిన సంవత్సరం మా గుంటడొకడు ఒక ప్రశ్న వదిలేసి కింది జవాబులన్నీ ఒక గడి పైకి నింపేశాడు, ఇంటికొచ్చి చెప్పాడు, వాళ్ళమ్మ ఆ రోజు మా కొట్టు ముందు నించి మాట్లాడకుండా వెళ్ళిపోయింది.